కోత పండుగలో పాడుకున్న అంటు చాకు

రేపల్లెకు ఉత్తరాన, కృష్ణ గట్టు కింద ఒక చిన్న ఊళ్ళో, చర్చి ముందు వేసిన పందిట్లో, కోత పండుగ వేలంలో నేనొక చాకు పాడుకున్నాను. నాకు ఎదురు పాడింది ఒక్క మనిషే. ఆవిడ ఆగిపోయాక పందిరంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని నేను గెలుపు అనుకున్నాను. చాకు ఎవరిదో, ఆవిడ ఎందుకు పాడుతోందో పక్కనున్న మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు అది. ముందు అది రాయకుండా తక్కిన ప్రయాణం గురించి రాయబుద్ధి కాలేదు.

నాది విజయనగరం. కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. పాత మడత చాకులు సేకరించడం నా పిచ్చి. రాజుల కత్తులూ బాకులూ నాకక్కర్లేదు. పెన్సిలు చెక్కుకున్నవి, పండు కోసుకున్నవి, పొగాకు కాడ తరుక్కున్నవి, మామూలు మనుషుల జేబుల్లో పడి అరిగినవి కావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ఎంచుకోవడానికి కారణముంది. ఒకప్పుడు ఈ వైపు రైలుతో పాటు రైల్వే ఉద్యోగులు వచ్చారు, పొగాకుతో పాటు కంపెనీ మనుషులు వచ్చారు, క్రైస్తవ మిషన్లతో పాటు దొరలు వచ్చారు. దొర ఎక్కడికి వెళితే ఆయన జేబులో చాకు అక్కడికి వెళ్ళింది. ఆయన తిరిగి వెళ్ళిపోయేటప్పుడు బట్లరుకో, తోటమాలికో, బడి పంతులుకో ఇచ్చిపోయింది కూడా అదే. ఈ లెక్క నాకు ఎప్పుడూ తప్పలేదు. ఈసారీ తప్పలేదు, తప్పింది వేరే చోట.

పుంజు తోక

తెనాలిలో పాత ఇనుముతో బొమ్మలు చేస్తారు. స్కూటరు గేర్లు, సైకిలు గొలుసులు, నట్లు, స్పానర్లు అతికించి మనిషెత్తు సింహాలనూ గుర్రాలనూ నిలబెడతారు. అంటే ఇనుము ఎక్కడెక్కడినుంచో ఈ ఊరికి వస్తుంది. నా బోటివాడు వెతకాల్సింది అక్కడే.

నేను వెళ్ళిన పాత ఇనుప సామాన్ల కొట్టు నాగమణి అనే ఆవిడది. నలభై దాటిన మనిషి, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని కాటా ముందు కూర్చుని ఉంది.

"ఏం కావాలి బాబాయ్? మోటారా, గేరు చక్రాలా?"

"పాత చాకులేమన్నా ఉన్నాయామ్మా? మడత పడేవి."

"చాకులా! నిన్న రావాల్సింది. మావాళ్ళు పుంజు తోకకి వాడేశారు."

వేళాకోళం అనుకున్నాను. కాదు. వెనక షెడ్డులో నా ఛాతీ ఎత్తున ఇనప కోడిపుంజు నిలబడి ఉంది. తోకలో గరిటెలు, రంపం ముక్కలు, వాటి మధ్య అయిదు చాకు రేకులు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. కొట్లో వాడే భూతద్దం నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. అది తీసి, వంగి, పుంజు తోక చదవడం మొదలుపెట్టాను. చాకు పుట్టిన ఊరు దాని రేకు మొదట్లో, మడత పడే చోటికి కాస్త పైన ముద్ర కొట్టి ఉంటుంది. రెండు రేకుల మీద ముద్ర వెల్డింగులో పోయింది. మూడోదాని మీద "షెఫీల్డ్" అన్న అక్షరాల్లో సగం మిగిలాయి.

వెల్డింగు చేస్తున్నాయన అద్దం పైకెత్తి నన్ను చూశాడు. నాగమణి వెనకనుంచి అంది, "ఏంటి బాబాయ్, పుంజుకి కళ్ళజోడు పెడతావా?"

నా వ్యాపారం అదేనని చెబితే షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులోనే పని జరిగింది. ఆవిడ నా కోసం ఒక గోనె బోర్లించింది. తాళాలు, బీగాలు, విరిగిన కత్తెరల మధ్య తుప్పుతో బిగిసిపోయిన ఒక మడత చాకు దొరికింది. పిడి రెండు వైపులా నల్లటి కొమ్ము. కొమ్మును పట్టి ఉంచిన మేకులు ఇత్తడివి, తలలు సుత్తితో కొట్టి నున్నగా చేసినవి. మర మీద చేసిన చాకుల్లో మేకుల తలలు అన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఏ రెండూ ఒకటి కావు. ముద్ర చూడకుండానే అది చేత్తో చేసినదని చెప్పగలిగాను.

ఈ పనిలో నాకొక నియమం ఉంది. నచ్చినట్టు ముఖంలో కనబడకూడదు. ఎవరిదని అడగకూడదు. అడిగితే వస్తువుకు కథ వస్తుంది, కథ వస్తే ధర వస్తుంది. ఎవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్ళకు గర్వంగా నేర్పాను కూడా. నాగమణి దగ్గర కూడా పెదవి విరిచే అడిగాను.

"దీనికేం తూకం వేస్తాను, పట్టుకుపో" అందావిడ. "రెండొందలిచ్చి పో. పిల్లలు టీ తాగుతారు."

ఇచ్చాను. సాయంత్రం బెల్లం జిలేబీ తిన్నాను. నల్లగా, బరువుగా, నోట్లో పెట్టుకుంటే ముందు బెల్లం, తరవాత నెయ్యి తెలుస్తుంది. మావైపు జిలేబీ పంచదార పాకంలో తేలిపోతూ ఉంటుంది. తెనాలి జిలేబీ తిన్నాక అది నీళ్ళలా అనిపిస్తుందని మా ఊరివాళ్ళకు చెప్పే ధైర్యం నాకిప్పటికీ లేదు.

స్టేషన్లో

మర్నాడు పొద్దున తెనాలి స్టేషన్లో పోలీసు నా సంచీ విప్పించాడు. నేను చాకులను గుడ్డ అరల్లో పెట్టి చాపలా చుట్టి ఉంచుతాను. పోల్చి చూసుకోవడానికి తెచ్చుకున్నవీ, కొత్తదీ కలిపి చుట్ట లావుగానే ఉంది. ఆయన విప్పి చూసి, అటూ ఇటూ చూసి, చుట్ట నెమ్మదిగా మళ్ళీ మూసేశాడు.

"ఇన్ని చాకులెందుకండీ?"

"సేకరిస్తానండి. పాతవి."

"వీటితో ఏం కోస్తారు?"

"ఏమీ కోయనండి."

"కోయని చాకులెందుకండీ మీకు?" అన్నాడు నిజంగానే అయోమయంగా. ఆయన కోప్పడి ఉంటే నయం. నేను నా కొట్టు కార్డు, పత్రికలో పడిన నా వ్యాసం, చివరికి మా ఆవిడ ఫోను నంబరు ఇచ్చాను. ఆయన మా ఆవిడతోనే మాట్లాడాడు. ఆవిడ ఏం చెప్పిందో తెలియదు, ఫోను పెట్టేసి నా వంక జాలిగా చూసి, "వెళ్ళండి సార్, అమ్మగారికి పాపం చాలా ఓపిక" అన్నాడు. ఈలోగా నా రైలు పోయింది.

బాపట్లలో ప్రభుదాసు గారు

బాపట్లలో నాకు తెలిసిన మనిషి ప్రభుదాసు గారొక్కరే. తోటల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నా వ్యాసం చదివి ఫోన్లో పరిచయమయ్యారు. ఇంటికి వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని మడత చాకుతో గోళ్ళు తీసుకుంటున్నారు. సన్నటి రేకు, దంతంలా పాలిపోయిన ఎముక పిడి, జర్మనీ సరుకు.

"ఇది నాకిస్తారా?" అన్నాను, నియమం మరిచిపోయి.

"ఇస్తే గోళ్ళు దేంతో తీసుకోనండీ?" అన్నారు. మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు.

వాళ్ళింట్లో ఉప్మా పెసరట్టు పెట్టారు. అల్లం పచ్చడిలో కారం గుంటూరుది, మావైపు ఆవ ఘాటుకు అలవాటు పడ్డ నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ప్రభుదాసు గారి భార్య, "బాగా లేదా అండీ?" అని కంగారుపడింది. బాగుందని చెప్పడానికి రెండు గ్లాసుల మజ్జిగ పట్టింది.

మధ్యాహ్నం ఆయనే నన్ను బజారులో ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. తాతల నాటి విదేశీ చాకు అమ్ముతానన్నాడట. చేతిలోకి తీసుకోగానే తిరిగి ఇచ్చేశాను. రేకు నల్లగానే ఉంది. కానీ పాత ఇనుము నలుపు ఒక్కలా ఉండదు. బొటనవేలు ఆనే చోట పలచన, పిడిలోకి పోయే చోట చిక్కన, పండ్ల రసం తగిలిన చోట నీలం. ఇది చింతపండు రసంలో నానబెట్టిన నలుపు, గోడకు సున్నం వేసినట్టు సమంగా ఉంది. పైగా రేకు ఎక్కడా అరగలేదు. నిజంగా తాత వాడి ఉంటే, మనవడి చేతికి వచ్చేసరికి రేకు సన్నబడి ఉండాలి.

"మీరు గట్టివారండీ" అన్నారు ప్రభుదాసు గారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

సాయంత్రం సూర్యలంక సముద్రం ఒడ్డున కూర్చున్నప్పుడు ఆయన అసలు విషయం చెప్పారు. కృష్ణ గట్టు దగ్గర వాళ్ళ పెదనాన్న కొడుకు యోహాను గారి ఊరుంది. అక్కడ కోత పండుగకు పంటతో పాటు పనిముట్లు కూడా చర్చిలో బల్ల మీద పెడతారు. వాటిలో ఒక అంటు చాకు ఉంది. మొక్కకు అంటు కట్టేది. ఒక చివర రేకు, రెండో చివర బెరడు ఎత్తడానికి నాలుకలా చెక్కిన ఎముక. ఎప్పుడో ఒక దొరగారు తోట వేయించి, అంటు కట్టడం నేర్పించి, నేర్చుకున్న మనిషికి ఇచ్చిపోయారు.

"పండుగ రేపే. వెళ్ళి చూసి రండి" అన్నారు. "యోహానుకి ఫోన్ చేసి చెప్తాను."

ఆ రాత్రి నాకు అంటు చాకే కనబడింది. 'చూసి రండి' అన్న మాట వినబడలేదు.

కోత పండుగ

రేపల్లె మీదుగా ఆ ఊరు చేరేసరికి ఆరాధన మొదలైపోయింది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకు నా వల్ల జరిగింది చాలు. చర్చి చిన్నది. గుమ్మానికి వరి కంకుల తోరణం, లోపల రెండు వైపులా అరటి గెలలు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కింద కూర్చున్నారు. పాట అందుకున్నప్పుడు చంటిపిల్లలతో సహా అందరూ పాడారు.

తరవాత కానుకలు బయట పందిట్లోకి తెచ్చారు. గుమ్మడికాయలు, కంద, పసుపు కొమ్ములు, బుట్ట నిమ్మకాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. వీటిని వేలం పాడి వచ్చింది సంఘానికి జమ చేస్తారు. ఇందులో సరదా ఉంది. ఒక కోడిగుడ్డు ఆరుగురి చేతులు మారింది. పాడుకున్నవాళ్ళు మళ్ళీ కానుకగా ఇచ్చేయడం, ఇంకొకళ్ళు పాడడం. ఊళ్ళో తోటలున్న హిందూ ఆసాములు కూడా వచ్చి పందిరి అంచున కుర్చీల్లో కూర్చున్నారు. పాడించేది యోహాను గారు, సంఘ పెద్ద. మంచి గొంతు.

"శేషయ్య గారూ, పోయినేడు గుమ్మడికాయ పాడి ఇంట్లో తిట్లు తిన్నారంట, ఈ ఏడు పాడతారా?"

"నువ్వు పాడించు యోహానూ, తిట్లు నేను పడతాను."

అప్పుడు పనిముట్లు వచ్చాయి. కొడవలి, తాపీ, వల అల్లే కర్ర సూది, దర్జీ కత్తెర. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మనిషే లేచి నూట పదహార్లో, రెండు వందలో పాడి తీసుకుపోతున్నారు. ఎదురు పాడేవాళ్ళు లేరు. నేను చూస్తూనే ఉన్నాను. ఇంతమంది ఉండి పోటీ లేదే అనుకుని సంతోషించాను తప్ప, ఎందుకు లేదో ఆలోచించలేదు.

చాకు ఎత్తి చూపించారు. దగ్గరికి వెళ్ళి చూడనిచ్చారు. దుప్పి కొమ్ము పిడి, ఎముక నాలుక చెక్కు చెదరలేదు, రేకు సగానికి సగం అరిగి వేపాకంత సన్నబడింది, అయినా తెరిస్తే టక్కుమని నిలబడింది. ముద్ర మీద కిరీటం గుర్తు. ఇలాంటిది నా దగ్గర లేదు, నాకు తెలిసినవాళ్ళ దగ్గరా లేదు.

ముప్ఫై అయిదేళ్ళుండే ఒకావిడ లేచి, "రెండొందలు" అంది.

"మూడొందలు" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. యోహాను గారు కూడా చూశారు. "సార్..." అని ఏదో అనబోయారు. ఆయన నన్ను మరికాస్త పాడమంటున్నారనుకుని, "అయిదొందలు" అన్నాను. ఆవిడ ఆరొందలంది. నేను ఎనిమిదన్నాను. ఆవిడ పక్కనున్న ఆడవాళ్ళు తమ కొంగుముళ్ళు విప్పి ఆవిడ చేతిలో పెడుతున్నారు. అది చూసి, ఇంకా ఎంతవరకు వస్తుందో అని లెక్క వేసుకున్నాను. పన్నెండు వందల దగ్గర ఆవిడ ఆగిపోయింది. నేను రెండు వేలు చెప్పి, యోహాను గారు మూడోసారి అనకముందే డబ్బు పళ్ళెంలో వేశాను.

చాకు తీసుకుని, పక్కవాళ్ళకు ముద్ర చూపించి, అది ఎంత పాతదో, ఎక్కడిదో చెప్పాను. కుర్చీలోంచి శేషయ్య గారు అన్నారు.

"అయితే సార్, మా నిమ్మ మొక్కలకి ఈ ఏడు అంటు మీరే కట్టాలన్నమాట."

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

భోజనం దగ్గర

మధ్యాహ్నం అందరికీ భోజనం. వేట మాంసం కూర, గోంగూర, సాంబారు. యోహాను గారి భార్య సుగుణమ్మ గారు వడ్డిస్తూ నా ఆకు ముందు ఆగింది.

"కూర వేసుకోండి. ఆ పిల్ల పని పట్టుకుపోయారు మీరు."

"ఏంటండీ?"

"కరుణ. ఇందాక మీకెదురు పాడింది. ఆ చాకు వాళ్ళ నాన్నది."

కూర వడ్డిస్తూనే చెప్పింది, గొంతు పెంచకుండా. ఈ ఊళ్ళో ఏ పని చేసేవాళ్ళు ఆ పని పనిముట్టు దేవుడి ముందు పెట్టి, తామే పాడి విడిపించుకుంటారు. దాంతో ఆ ఏడు ఆ పని వాళ్ళదని ఊరంతా ఒప్పుకున్నట్టు. విడిపించుకున్న వెంటనే పని ఉన్నవాళ్ళు అక్కడే రోజులు చెప్పుకుంటారు. ఆ పిల్ల తండ్రి ఏసోబు బతికి ఉన్నన్నాళ్ళూ గట్టు పొడుగునా నిమ్మ తోటలకు అంటు ఆయనే కట్టాడు. ఎండాకాలంలో పోయాడు. కరుణ తండ్రి వెంట తిరిగి పని నేర్చుకుంది. ఆడమనిషిని ఆసాములు పిలుస్తారా లేదా అన్నది ఈ రోజు తేలాలి. అందుకే శేషయ్య గారూ మిగతావాళ్ళూ వచ్చి కూర్చున్నారు.

"మరి ఎవరూ నాకు చెప్పలేదేంటండీ?"

"మీరు అడిగారా?" అంది సుగుణమ్మ గారు, సాంబారు బకెట్టు అందుకుంటూ.

ఆకు మడిచి లేచాను. చేయి కడుక్కుని కరుణ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పందిరి వెనక గిన్నెలు తోముతోంది. చాకు ఇవ్వబోయాను. తడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మీరేం తప్పు చెయ్యలేదండి. ఎక్కువ పాడారు, తీసుకున్నారు. వేలమంటే అంతే గదా."

"నాకు తెలియదమ్మా. తీసుకో."

"బల్ల మీంచి పోయింది అది. మీరిచ్చారని తీసుకుంటే, విజయనగరం ఆయన దానం చేస్తే పని చేసుకుంటోందంటారు. ఆసాములు నన్ను పిలవాలండి. జాలిపడకూడదు." మళ్ళీ గిన్నెల మీదికి వంగింది.

బాపట్లకు ఫోన్ చేశాను. ప్రభుదాసు గారు అంతా విన్నారు. "చూసి రమ్మన్నాను గదండీ" అన్నారు చివరికి.

రేపల్లెలో ఒక వారం

కొట్టు మా తమ్ముడికి అప్పగించి రేపల్లెలో ఉండిపోయాను. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. బండి వస్తుంది, దిగాల్సినవాళ్ళు దిగుతారు, అదే బండి తిరిగి వెళుతుంది. ఊళ్ళో మెస్సు భోజనంలో చేపల పులుసు రోజూ ఉంటుంది. మావైపు చేపల పులుసు పలచన, ఇక్కడ చింతపండు గుజ్జు గరిటెకు అంటుకుంటుంది. రెండో రోజుకే యజమాని, "ఏం బాబాయ్, సంబంధం చూడ్డానికొచ్చారా, కదలట్లేదు?" అని మొదలుపెట్టాడు. పీతల కూర వండిన రోజు నాకు కబురు పెట్టేవాడు. ఈ వారంలో నాకు దొరికిన సుఖం అంతే.

శేషయ్య గారి తోటకు వెళ్ళాను. పాదుల్లో నిమ్మ మొక్కలు పెన్సిలు లావున నిలబడి ఉన్నాయి. కరుణను పిలవమని బతిమాలాను.

"మీరు చెబితే పిలిచేది కాదు సార్ అది" అన్నారాయన. "మొన్న ఆ పిల్ల విడిపించుకుని ఉంటే నేనే ముందు పిలుద్దును. ఇప్పుడు పిలిస్తే, అందరూ కలిసి తేల్చాల్సింది శేషయ్య ఒక్కడే తేల్చేశాడంటారు. మావాళ్ళల్లో కొంతమంది కడియం నర్సరీల నుంచి మనిషిని రప్పిద్దామంటున్నారు. మొక్క బెరడు ఊడొచ్చే అదను ఇది. ఎన్నాళ్ళు ఆగుతారు?"

"మరి నేనేం చెయ్యాలండీ?"

"చాకు ఎవరిదో తేల్చండి."

యోహాను గారిని అడిగాను. ఏటి లంకల్లో ఉండి పండుగకు రాలేకపోయినవాళ్ళ కానుకలు తరవాతి ఆదివారం పాడిస్తారట. నేను చాకు మళ్ళీ బల్ల మీద పెడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మీరు పెడితే అది మీ పనిముట్టు. మీరే విడిపించుకోవాలి. కరుణ పాడదు. ఇంకొకళ్ళ పనిముట్టు మీద మా ఊళ్ళో ఎవరూ పాడరు."

"వేరే దారే లేదా?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "పూర్వం పని మానేసేవాళ్ళు ఒక మాట చెప్పేవాళ్ళు. బల్ల దగ్గర నిలబడి, 'ఈ పని నాకు రాదు, ఇది నాది కాదు' అని. అప్పుడు ఆ పని వచ్చినవాళ్ళెవరైనా దాన్ని పాడొచ్చు. పని వచ్చినవాళ్ళకి అది సిగ్గు. చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు, మా నాన్న చూశాడంట." ఆగి అన్నారు, "ఆ రోజు మీరు అందరికీ ముద్ర చూపించి ఉపన్యాసం ఇచ్చారు గదా. మరి చెప్పగలరా?"

చెప్పగలనన్నాను. ఆ తరవాత గదిలో చాలాసార్లు ఆ మాట పైకి అనుకుని చూశాను. రెండు ముక్కలే. వాటికి ముందు ఏదో ఒక సంజాయిషీ తగిలించకుండా అనడం కష్టమైంది. నేను చాకుల గురించి రాశాను, మాట్లాడాను, నకిలీని చేతిలోకి తీసుకోగానే పట్టుకున్నాను. అదంతా నిజమే. ఆ బల్ల దగ్గర దాంతో పని లేదు.

బల్ల దగ్గర

ఆదివారం కానుకలు కొద్దిగానే ఉన్నాయి. రెండు అరటి గెలలు, ఒక మేకపిల్ల, కందగడ్డలు. ఆసాములు మాత్రం వచ్చారు. యోహాను గారు కబురు పెట్టారని తరవాత తెలిసింది. కరుణ ఆడవాళ్ళ వరసలో ఆఖరున కూర్చుంది, తల ఎత్తలేదు.

నా వంతు వచ్చినప్పుడు లేచి చాకు బల్ల మీద పెట్టాను.

"ఎవరి పనిముట్టు?" అన్నారు యోహాను గారు, ఆచారం ప్రకారం.

"ఈ పని నాకు రాదు. ఇది నాది కాదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. యోహాను గారు నవ్వలేదు. "అందరికీ వినబడేలా చెప్పండి సార్" అన్నారు.

వెనక్కి తిరిగి, కుర్చీల్లో ఉన్నవాళ్ళను చూస్తూ చెప్పాను. "ఈ పని నాకు రాదండి. మొన్న తెలియక పాడాను. అడగకుండా పాడాను. ఇది నాది కాదు." అనుకున్నదానికంటే ఎక్కువే చెప్పినట్టున్నాను. వచ్చి కింద కూర్చున్నాను.

"పని వచ్చినవాళ్ళెవరన్నా ఉంటే పాడండి" అన్నారు యోహాను గారు.

ఎవరూ లేవలేదు. కరుణ పక్కనున్న ముసలామె ఆవిడ భుజం మీద ఒక్కటి వేసింది. "లేవ్వే!"

కరుణ లేచింది. "నూట పదహార్లు."

"నూట పదహార్లు ఒకటోసారి."

అందరూ నా వంక చూశారు. నేను చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను.

"రెండోసారి. మూడోసారి." పళ్ళెంలో డబ్బు పడిన చప్పుడు వినబడింది. కరుణ చాకు తీసుకుంది. తెరిచి, రేకు వేలి మీద ఆనించి చూసి, మొహం చిట్లించి, "వారం నుంచి సాన పట్టలేదు" అంది, నా వైపు చూడకుండా.

ఇక ఆసాములు రోజులు చెప్పాలి. చెప్పలేదు. ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. నా వల్ల కావాల్సిందంతా అయిపోయింది, ఇంక నేను చేయగలిగింది ఏమీ లేదని అప్పుడే తెలిసింది. నేను సర్దగలిగింది నేను చెడగొట్టినంత మేరకే. మిగిలింది వాళ్ళకూ ఆవిడకూ మధ్య ఉంది.

శేషయ్య గారు కుర్చీలోంచి లేచారు. "ఏమ్మా, బుధవారం మా తోటకొస్తావా?"

"బుధవారం రానండి" అంది కరుణ. పందిట్లో అందరూ ఆవిడ వంక తిరిగారు. "మీ మొక్కలు నిన్న చూసొచ్చాను. పాదులు ఎండిపోయున్నాయి, బెరడు లేవదు. రేపూ ఎల్లుండీ నీళ్ళు పెట్టించండి. శుక్రవారం వస్తాను."

"ఏసోబైతే బుధవారం వచ్చేవాడు" అన్నాడు చెప్పులు వెతుక్కుంటున్నాయన.

"వచ్చి, మిమ్మల్ని తిట్టి, నీళ్ళు పెట్టమని చెప్పి వెళ్ళిపోయేవాడు" అంది కరుణ.

శేషయ్య గారు పెద్దగా నవ్వేశారు. "సరే, శుక్రవారమే రా."

"అయితే బుధవారం ఖాళీయేగా? మా తోటకి రా" అన్నాడు చెప్పులాయన, చెప్పులు వదిలేసి. "మా పాదులు తడిగానే ఉన్నాయి." అప్పుడు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. కరుణ చాకు మడిచి బొడ్లో దోపుకుని వాళ్ళ మధ్యకు వెళ్ళింది. అంటు కొమ్మలు ముందే కోసి పెట్టొద్దని, తనే వచ్చి చూసి కోసుకుంటానని గట్టిగా చెబుతోంది. నేను గట్టు ఎక్కేదాకా ఆ గొంతు నాకు వినబడుతూనే ఉంది.